కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన సర్వస్వం - మన చేతిలోని ఫోను

తెలుగునాట విజ్ఞాన వ్యాప్తికి తమ జీవితాన్ని అంకితం చేసిన మహనీయుల్లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారిది మొదటి వరుసలోని పేరు. గ్రంథాలయ స్థాపకుడు, చరిత్ర పరిశోధకుడు, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి సంపాదకుడు. తెలుగు సాహిత్యం చదివే మిత్రులకు ఆయన గురించి నేను కొత్తగా చెప్పగలిగేది ఏమీ లేదు. అయితే నేను సైన్సు విద్యార్థిని. ఆయన జీవితాన్ని మరొక వైపు నుంచి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇవాళ మనందరి జేబుల్లో సెల్‌ఫోను ఉంది. ఫోనులో బ్రౌజర్ ఉంది. బ్రౌజర్ అంటే ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరును అడిగి, అందులోని పేజీని తెచ్చి, మన తెర మీద అక్షరాలుగా, బొమ్మలుగా పేర్చి చూపించే ప్రోగ్రాం. ఏది కావాలన్నా అందులో ఒక మాట కొట్టి వెతుకుతున్నాం. ఒక మాట పట్టుకొని పోతే విషయమంతా దొరకాలి, అది మన భాషలో దొరకాలి అనే ఆలోచనను వంద సంవత్సరాల క్రితమే కాగితం మీద ఆచరణలో పెట్టిన వారు లక్ష్మణరావు గారు. ఆయన బాల్యం గడిచింది మన నల్లగొండ సీమలో. పెద్దయ్యాక ఉద్యోగం చేసిందీ ఇప్పుడు మన ప్రాంతంలో ఉన్న మునగాలలో. కాబట్టి మనకు ఆయన పరాయి మనిషి కాదు.

లక్ష్మణరావు గారు 1877 మే 18వ తేదీన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. తండ్రి వెంకటప్పయ్య గారు, తల్లి గంగమ్మ గారు. ఊహ తెలియని వయసులోనే తండ్రి పోయారు. సవతి అన్న శంకరరావు గారు ఆ కుటుంబాన్ని ఆదుకున్నారు. అట్లా పసితనంలోనే నల్లగొండ సీమకు వచ్చి, భువనగిరిలో అక్షరాలు దిద్దారు. ఆనాడు ఇది నిజాం రాజ్యం. కచేరీ భాష, పెద్ద చదువుల భాష ఉర్దూ. ఇంట్లో మాట్లాడే తెలుగుకు బడిలో విలువ తక్కువ. అటువంటి చోట చదువు మొదలుపెట్టిన పిల్లవాడే తరువాత తెలుగులో లోకంలోని శాస్త్రాలన్నీ రావాలని కోరుకున్నాడు.

ఆయన అక్క భండారు అచ్చమాంబ గారు. ఆమెకు చిన్నతనంలోనే పెండ్లి అయింది. భర్త మాధవరావు గారు మధ్య పరగణాలలో ఇంజనీరు. అక్క దగ్గర ఉండి లక్ష్మణరావు గారు నాగపూరులో చదువుకున్నారు. ఆడపిల్లకు చదువెందుకనే కాలం అది. తమ్ముడు పాఠాలు చదువుకుంటుంటే ఆ పక్కనే కూర్చుని అక్క కూడా చదువు నేర్చుకున్నది. ఆమె తరువాత అబలా సచ్చరిత్ర రత్నమాల అనే పేరుతో గొప్ప స్త్రీల జీవిత చరిత్రలు రాసింది. 1902లో ఆమె రాసిన ధనత్రయోదశిని తెలుగులో మొదటి కథగా చాలామంది పరిశోధకులు లెక్కిస్తున్నారు. 1905లోనే ఆమె కన్నుమూసింది. చదువు అనేది ఒక్కరికి చెబితే పక్కవారికి కూడా అంటుకుంటుందని లక్ష్మణరావు గారికి పుస్తకం చూసి తెలుసుకోవలసిన అవసరం రాలేదు. సొంత ఇంట్లోనే చూశారు.

నాగపూరు చదువు వల్ల ఆయనకు ఇంకొక లాభం కలిగింది. మరాఠీ బాగా పట్టుబడింది. ఆ భాషలో వ్యాసాలు రాసేటంతగా వచ్చింది. మరాఠీవారు తమ చరిత్రను, శాస్త్రాలను తమ భాషలో ఎట్లా రాసుకుంటున్నారో దగ్గరనుంచి చూశారు. పక్క రాష్ట్రంలో అయ్యే పని మన దగ్గర ఎందుకు కాదన్న పట్టుదల అక్కడే మొలకెత్తి ఉంటుందని నాకు అనిపిస్తుంది. బి.ఏ. పూర్తిచేసి, ఆ తర్వాత ప్రైవేటుగా ఎం.ఏ. కూడా పాసయ్యారు. ఆ డిగ్రీతో దొరగారి కొలువులో హాయిగా బతకొచ్చు. కాని ఆయన మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారి దగ్గర దివానుగా చేరారు.

మునగాల అంటే మనకు హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట దాటినాక, కోదాడకు ముందు వచ్చే ఊరు. ఆ పరగణా ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాది. చుట్టూ మాత్రం నిజాం ఇలాకా. నాలుగు వైపులా నైజాము, మధ్యలో ఇంగ్లీషువాళ్ల ముక్క. 1959లో దాన్ని నల్లగొండ జిల్లాలో కలిపారు. 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. రెండు రాజ్యాల నడుమ ఉన్న ఆ చిన్న పరగణా దివానుకు అటు మద్రాసుతోనూ, ఇటు హైదరాబాదుతోనూ సంబంధాలుండేవి. లక్ష్మణరావు గారు ఆ సంబంధాలను తెలుగు కోసం వాడుకున్నారు.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ప్రారంభమైంది. మునగాల రాజా గారు, రంగారావు గారు, లక్ష్మణరావు గారు, మరికొందరు మిత్రులు కలిసి పెట్టిన గ్రంథాలయం అది. తెలుగు మాట బజారులో వినబడినా కచేరీలో వినబడని నగరంలో, తెలుగు పుస్తకానికి ఒక ఇల్లు ఏర్పడింది. తరువాత తెలంగాణమంతటా లేచిన గ్రంథాలయోద్యమానికి ఇదే పునాది రాయి.

ఇక్కడ ఒక రైతుబిడ్డగా నేను చెప్పవలసిన మాట ఒకటుంది. రాజా గారి విరాళం గొప్పదే. కాని ఆ డబ్బు పరగణాలోని రైతులు కట్టిన శిస్తులోంచి వచ్చిందే కదా. 1930ల నుంచి అదే మునగాల పరగణాలో జమీందారీ వెట్టికీ, అక్రమ వసూళ్లకూ ఎదురుతిరిగి రైతులు పోరాడారు. అప్పటికి లక్ష్మణరావు గారు లేరు. పుస్తకాల ఖర్చు భరించిన నాగలికి ఆ పుస్తకం ఎప్పుడు చేరింది అనే ప్రశ్న మాత్రం ఉండిపోయింది. ఈ వ్యాసంలో నేను అడగదలచిందీ ఆ ప్రశ్నే.

గ్రంథాలయం పెట్టినాక అసలు లోటు కనబడింది. అరలు ఉన్నాయి, అరల్లో పెట్టడానికి తెలుగులో కావ్యాలు, పురాణాలు ఉన్నాయి. పదార్థ విజ్ఞానం, రసాయనం, జీవశాస్త్రం వంటివి కావాలంటే ఎక్కడున్నాయి? ఆ లోటు పూడ్చడానికి 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు వంటి వారు ఆయనకు తోడుగా నిలిచారు. హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకను చరిత్రతో మండలి ప్రచురణలు మొదలైనాయి. ఆ తరువాత జీవశాస్త్రం, పదార్థ విజ్ఞాన శాస్త్రం, రసాయన శాస్త్రం, వ్యవసాయ శాస్త్రం, ఆరోగ్యం, అర్థశాస్త్రం, దేశ చరిత్ర ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. హిందూ మహాయుగం, మహమ్మదీయ మహాయుగం అనే చరిత్ర గ్రంథాలు లక్ష్మణరావు గారే రాశారు. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్ర ఈ మండలి నుంచి వచ్చిందే. నవలల పోటీలు కూడా పెట్టారు. మండలి పనులు పెరిగి, కార్యస్థానం కొద్ది కాలానికే మద్రాసుకు మారింది.

ఈ పని నడిచిన పద్ధతి కూడా గమనించాలి. ముందుగా చందాదారులను చేర్చుకోవడం, వాళ్లకు తక్కువ ధరకు టపాలో పుస్తకం పంపడం. పట్నంలోని విద్వాంసుడికీ, రైలు పోని ఊళ్లోని బడిపంతులుకూ ఒకటే పుస్తకం, ఒకటే ధర. పాఠకుడు ఉన్న చోటికే పుస్తకం పోవాలి తప్ప పుస్తకం ఉన్న చోటికి పాఠకుడు రావాలని ఆయన కూర్చోలేదు.

ఇక ఆయన జీవితంలోని పెద్ద పని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. 1910 - 11లో ఇంగ్లీషువారి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా పదకొండవ కూర్పు 29 సంపుటాలుగా వెలువడింది. ఆ కాలంలోనే లక్ష్మణరావు గారు తెలుగులో అటువంటి దానికి నడుం కట్టారు. వెనక సామ్రాజ్యం లేదు, విశ్వవిద్యాలయం లేదు. కొద్దిమంది పండితులు, చందాదారులు, ఒక అచ్చు యంత్రం మాత్రమే ఉన్నాయి. 1908లో రాజద్రోహ నేరం కింద జైలుకు పోయి వచ్చిన హరిసర్వోత్తమరావు గారు, చరిత్ర పరిశోధకులు మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు ఆయనకు సహకరించారు. లక్ష్మణరావు గారు సంపాదకులుగా ఉంటూనే చాలా వ్యాసాలు తామే రాశారు. అది ఎంత కష్టమో సైన్సు చదివే మనకు బాగా అర్థమవుతుంది. ఒక్క పాఠాన్ని తెలుగులో చెప్పమంటేనే మాట మాటకూ ఆగిపోతాం. వారు ఆగకుండా కావలసిన మాటలు తయారుచేసుకుంటూ పోయారు.

మూడు సంపుటాలు వచ్చాయి. మూడూ ఒక్క అకారానికే సరిపోయాయి.

ఇది వినగానే కొందరు నవ్వుతారు. నవ్వవలసింది కాదు, ఆలోచించవలసింది. అకారాది క్రమంలో అచ్చువేసే పుస్తకానికి ఒక గుణముంది. మొదటి అక్షరం పూర్తి కాకుండా రెండో అక్షరం రాదు. అద్వైతం గురించి తెలుసుకోవాలన్నవాడికి వెంటనే దొరికింది. కాని రైతుకు కావలసిన మాటలు చూడండి. ఎరువు, చీడ, నీరు, పత్తి, బావి, వరి. అన్నీ అకారానికి ఎంతో దూరాన ఉన్నాయి. వరి గురించి చదవాలన్న చందాదారు ఎన్నేండ్లు ఎదురు చూడాలి? తప్పు సంపాదకుడిది కాదు. అచ్చు పుస్తకం అనే సాధనానికే ఉన్న హద్దు అది. తరువాత 1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి అక్షర క్రమం వదిలి, ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క సంపుటంగా విజ్ఞాన సర్వస్వాన్ని వేసింది.

లక్ష్మణరావు గారిని ఉబ్బసం వేధించేది. అయినా శాసనాలు చదవడం, చరిత్ర రాయడం మానలేదు. మద్రాసులోని వారి ఇల్లు తెలుగు పెద్దలందరికీ విడిది. 1919లో కందుకూరి వీరేశలింగం గారు తుదిశ్వాస విడిచింది ఆ ఇంట్లోనే. నాలుగేండ్లకు, 1923 జులై 12న లక్ష్మణరావు గారు కూడా వెళ్లిపోయారు. వయసు 46 సంవత్సరాలు. పని సగం కూడా కాలేదు.

మనిషి పోయినా పని పూర్తిగా పోలేదు. హైదరాబాదులో తెలంగాణ శాసనాలను సేకరించిన పరిశోధక సంఘం ఆయన పేరునే పెట్టుకొని లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. ఆయన కుమార్తెకు అక్క పేరే పెట్టారు. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారు వైద్యురాలై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. విజ్ఞాన సర్వస్వాన్ని 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మళ్లీ ఎత్తుకున్నారు. పంతులు గారు అమృతాంజనం తయారుచేసి అమ్మినవారు. తలనొప్పికి ఇంటింటా రాసుకున్న మందు డబ్బా తెలుగు విజ్ఞానానికి అచ్చు ఖర్చు పెట్టింది. రోజువారీ వాడుక వస్తువుకు, విద్యకు ఇంత దగ్గర సంబంధం ఉండగలదని మనం మరచిపోకూడదు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1990లో స్విట్జర్లాండులోని సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్ లీ మొదటి వెబ్ బ్రౌజరును రాశాడు. లక్ష్మణరావు గారిని ఆపిన అకారాది క్రమం అనే గోడ దానితో కూలిపోయింది. పేజీలకు వరుస లేదు. అ అయ్యేదాకా వ ఆగనక్కరలేదు. ఒక పేజీలోని మాటను నొక్కితే ఇంకో పేజీకి పోవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వరి గురించి ఒకరు, బావి గురించి ఇంకొకరు ఒకేసారి రాయవచ్చు. రాసేవాళ్లకు జీతం లేదు. మండలి నాటి పద్ధతే మళ్లీ వచ్చిందనిపిస్తుంది.

కాని తెలుగు అక్షరం ఆ తెర మీద నిలబడడానికే చాలా కాలం పట్టింది. మొదట్లో ఒక్కొక్క తెలుగు పత్రిక సైటుకు ఒక్కొక్క ఫాంటు ఉండేది. అది దించుకోకపోతే పేజీ నిండా పిచ్చి గీతలే. కంటికి తెలుగులా కనబడినా కంప్యూటరుకు అది తెలుగని తెలియదు కాబట్టి వెతికితే దొరికేది కాదు. యూనికోడ్ వచ్చాక ప్రతి తెలుగు అక్షరానికి ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక అంకె ఏర్పడింది. అంకె ఉన్నా సరిపోదు. వత్తు కింద పెట్టాలి, గుడి పైన పెట్టాలి, రెండు హల్లులను కలపాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లలో ఈ పని చేసే ప్రోగ్రాం పేరు హర్ఫ్‌బజ్. పారసీ మాటల మీద కట్టిన పేరది. మన ఊళ్లలో ఉర్దూ తెలిసిన పెద్దలను హర్ఫ్ అంటే ఏమిటని అడిగితే అక్షరం అని వెంటనే చెబుతారు.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. జ్ఞా అనే తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి ఒక ప్రత్యేక వరుసలో వస్తే, ఆపిల్ కంపెనీ ఐఫోన్లలో ఆ అక్షరం చూపించే ప్రోగ్రాము కుప్పకూలింది. కొద్ది రోజుల్లోనే కంపెనీ సరిచేసింది. లక్ష్మణరావు గారి మండలి పేరులో, ఆయన గ్రంథం పేరులో ఉన్న అక్షరమే అది. విజ్ఞానంలోని జ్ఞా. అంత ఖరీదైన ఫోను ఒక్క తెలుగు అక్షరాన్ని మోయలేకపోయిందంటే కారణం తెలుగు కష్టమైన భాష కావడం కాదు. తయారుచేసిన చోట తెలుగు రాసి, చదివి, పరీక్షించేవాళ్లు సరిపోను లేకపోవడమేనని నా అభిప్రాయం.

బ్రౌజర్ల మీద నా అభిప్రాయాలు ఇంకొన్ని ఉన్నాయి. పేర్లు ఎన్ని ఉన్నా ఇవాళ లోపలి యంత్రాలు ముఖ్యంగా మూడే. క్రోమ్ వాడేది ఒకటి, ఆపిల్ వారి సఫారీది ఒకటి, ఫైర్‌ఫాక్స్‌ది ఒకటి. 2020లో మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్ బ్రౌజరును కూడా క్రోమ్ యంత్రం మీదికే మార్చుకుంది. ఊరంతా ఒకే రకం విత్తనం వేస్తే ఒక్క తెగులుకు ఊరంతా పోతుందని రైతుకు తెలుసు. కిటికీలు చేసే వడ్రంగులు నలుగురైదుగురు ఉంటేనే మేలు. ఫైర్‌ఫాక్స్‌లోని మెనూలను తెలుగు చేసింది స్వచ్ఛందంగా పనిచేసిన తెలుగువాళ్లే. రెండోది, పేజీ బరువు. నాలుగు వాక్యాల వార్త కోసం పేజీ తెరిస్తే నలభై ప్రకటనలు ఎగిరి వస్తాయి. పాత ఫోను వేడెక్కుతుంది, డేటా అయిపోతుంది. పేదవాడి ఫోనులో తెరుచుకోని పేజీ, పేదవాడికి అందని ధర పెట్టిన పుస్తకం లాంటిదే. మూడోది, భాష. మా నాయిన ఫోను తీసి బోరు మోటరు ఆన్ చేస్తడు, ఆఫ్ చేస్తడు. మోటరు స్టార్టరుకు సిమ్ము పెట్టిచ్చినం, ఫోను కొడితే చాలు. ఆ వస్తువును చూసి ఆయన ఎన్నడూ భయపడలేదు. అదే ఫోనులో ఏదన్న దరఖాస్తు పేజీ ఇంగ్లీషులో తెరుచుకుంటే మాత్రం నా చేతికి ఇస్తడు. చేతకాక కాదు, ఆ పేజీ ఆయనతో మాట్లాడటం లేదు.

పురుగుమందు డబ్బా మీద నాలుగు రంగుల్లో ఏదో ఒక రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అతి ప్రమాదం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రాని మనిషికి కూడా ఎరుపు అర్థమవుతుంది. వాడేవాణ్ణి దృష్టిలో పెట్టుకొని చేసిన ఏర్పాటు అది. కాని ఆ మందు ఒంటి మీద పడితే ఏం చేయాలో చెప్పే చీటీ చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంటుంది. రంగు దగ్గర మొదలైన మంచి ఆలోచన అక్షరం దగ్గర ఆగిపోయింది. అకారం దగ్గర ఆగిన సంపుటాల మాదిరిగానే.

ఇక మన జిల్లా సంగతే చూద్దాం. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి, వడకట్టి తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు రూపొందించారు. దాని పేరు నల్లగొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల్లోని ఇంజనీర్లు కూడా మన ఊరి పేరుతోనే దాన్ని పిలుస్తారు. లక్ష్మణరావు గారు చదువుకున్న నాగపూరు నుంచే ఆయన పెరిగిన సీమకు ఆ శాస్త్రం వచ్చింది. ఫ్లోరైడుతో నడుము వంగిన ముసలమ్మ మనవడు దాని గురించి బ్రౌజరులో వెతికితే, అతనికి అర్థమయ్యే తెలుగులో, కొలతలతో సహా, సరైన వివరం దొరకాలి. బ్రౌజర్ దాన్ని తెచ్చి చూపగలదు. రాసిపెట్టలేదు. కిటికీ ఎంత పెద్దదైనా అవతల చేను లేకపోతే కనబడేది బీడే.

లక్ష్మణరావు గారు సాధనమూ తామే సమకూర్చారు, విషయమూ తామే రాశారు. ఈనాడు సాధనం మన జేబులో సిద్ధంగా ఉంది. అచ్చు కాగితం కొననక్కరలేదు, టపా ఖర్చు లేదు, అక్షర క్రమం కోసం ఆగనక్కరలేదు. మిగిలింది రాయడమే. రసాయన శాస్త్రం చదివేవారు నల్లగొండ టెక్నిక్ మీద, వృక్షశాస్త్రం వారు బత్తాయి తోటల తెగుళ్ల మీద, జంతుశాస్త్రం వారు పత్తి పురుగు మీద, భౌతికశాస్త్రం వారు బోరు మోటరు మీద, డిగ్రీ పూర్తయ్యేలోగా తలా ఒక్క వ్యాసం తెలుగులో రాసి, అధ్యాపకుల చేత తప్పులు దిద్దించి, అందరికీ ఉచితంగా దొరికే చోట పెట్టగలరు. ఒక్క తరగతిలో అరవై మంది ఉంటే అరవై వ్యాసాలు. పూర్వ విద్యార్థులు, గురువులు పూనుకుంటే ఇది పెద్ద పని కాదు. మూడు సంపుటాలతో ఆగిపోయిన ఆ మహనీయుడికి పూలదండ కంటే ఇదే తగిన నివాళి. ఆయన అకారం రాసి వెళ్లారు. మిగతా యాభై అక్షరాలు మన బాకీ.